బండి దిగిన తల్లి: దిగినమ్మ కనుమ మహిమ

నల్లమల కొండల తూర్పు వాలులో కంబాలదిన్నె అనే గ్రామం ఉంది. ఆ ఊరు దాటి దక్షిణంగా పోయే దారి రెండు గుట్టల నడుమ ఇరుకుగా సాగుతుంది. ఆ ఇరుకునే దిగినమ్మ కనుమ అంటారు. కనుమ దాటగానే ఒక వంక అడ్డం వస్తుంది. వానకాలంలో తప్ప అందులో నీరు కనబడదు. మిగిలిన కాలమంతా తెల్లని ఇసుక వెడల్పుగా పరుచుకొని ఉంటుంది. వంకకు ఈవల కంబాలదిన్నె పొలిమేర, ఆవల గొట్టివంకపల్లె పొలిమేర.

యాత్రికులు మొదట దర్శించవలసినది కనుమలో ఎడమవైపు గుట్టరాతి మీద చెక్కిన అమ్మవారి రూపాన్ని. ఇతర క్షేత్రాలలో తల్లి సింహం మీదనో, పీఠం మీదనో కొలువై దర్శనమిస్తుంది. ఇక్కడి తల్లి బండి దిగుతూ దర్శనమిస్తుంది. ఒక పాదం ఇంకా బండి ముందరి కర్రలైన నొగల మీదనే ఉంది. రెండవ పాదం నేలకు ఆనింది. కుడిచేయి బండి అంచును పట్టుకొని ఉంది. ముఖంలో కోపం లేదు, చిరునవ్వూ లేదు. దూరం నుంచి వచ్చిన మనిషి అలసట ఉంది. దేవత ముఖంలో అలసటను చూసి, తొలిసారి వచ్చినవారు మొక్కడం కూడా మరచి కాసేపు అలాగే నిలబడిపోతారు.

ఈ తల్లికి రథం లేదు. ఊరేగింపు లేదు. చీర సమర్పించడం నిషిద్ధం. తెలియక తెచ్చినవారు తిరిగి తీసుకుపోవలసిందే. ఈ కట్టుబాట్లు ఎలా ఏర్పడ్డాయో పెద్దలు చెప్పగా విన్న మేరకు, కలపకుండా, తగ్గించకుండా ఇక్కడ రాయడమైనది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, దేవత లేదు. దారి మాత్రమే ఉండేది. ఆ కాలంలో మశూచిని జబ్బు అని ఎవరూ అనేవారు కారు. పెద్దమ్మవారు వచ్చింది అనేవారు. ఒక ఊళ్లో అమ్మవారు పోస్తే, ఆ ఊరివారు వేపకర్రతో చిన్న బండి చేసి, అందులో మట్టి ప్రతిమను కూర్చోబెట్టి, పూజలు చేసి, డప్పులతో పొలిమేర దాటించేవారు. పక్క ఊరి నేల మీద బండిని వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా ఇండ్లకు వచ్చేసేవారు. పక్క ఊరివారు ఎదురువచ్చి, వేపాకు నీళ్లు చల్లి, ఊళ్లోకి తీసుకుపోయి, శాంతి జరిపి, నెల తిరగకముందే ఒక మంగళవారం నాడు ఆ తర్వాతి ఊరికి సాగనంపేవారు. ప్రతి ఊరూ తల్లిని ఎంతో మర్యాదగా ఆహ్వానించేది. అంతే తొందరగా వెళ్లగొట్టేది.

సాగనంపే ముందు ప్రతి ఊరివారూ అమ్మవారికి చీర పెట్టేవారు. కొత్త చీరతోపాటు, జబ్బున పడినవారి ఇండ్ల నుంచి మొక్కుబడిగా వారి చీరలు, దుప్పట్లు కూడా బండి మీదికి చేరేవి. అమ్మవారు కట్టి వచ్చిన పాత చీరలను మాత్రం కింద పడనిచ్చేవారు కారు. అవి ప్రసాదం. వాటిలో మేలైనది ఊరి పెద్దకాపు ఇంటికి పోయేది. గర్భిణి దానిని కట్టుకుంటే కడుపులోని బిడ్డకు రక్ష అని గట్టి నమ్మకం.

కంబాలదిన్నెకు ఆ రోజుల్లో వీరనారప్ప పెద్దకాపు. మాట తక్కువ మనిషి. ఆచారం తప్పితే సొంతవారినైనా ఉపేక్షించడని పేరు. భార్య గతించింది. ఒక్కతే కూతురు గంగులమ్మను వంక అవతల గొట్టివంకపల్లెలో ఇచ్చాడు. ఆమెకు ముందు కలిగిన కాన్పులు నిలవలేదు. మళ్లీ నెలలు నిండుతున్నాయి. బండి కుదుపులు పడవని అత్తవారు ఆమెను పుట్టింటికి కూడా పంపలేదు. వీరనారప్ప ఎవరితోనూ అనకపోయినా, ఆ యేడు ఆయన ప్రాణమంతా ఆ కాన్పు మీదనే ఉంది.

అటువంటి సమయంలో ఉత్తరాన రేగులపాడు పొలిమేర నుంచి డప్పులు వినిపించాయి. వీరనారప్ప స్వయంగా ఎదురేగి, బండి నొగలు తన చేతులతో పట్టుకొని ఊళ్లోకి నడిపించాడు. అమ్మవారి పాటలు పాడే ఆసాది నల్లప్ప ముందు నడిచాడు. శాంతి జరిగింది. ఎర్రంచు పసుపు చీర ఒకటి పెద్దకాపు వంతుకు వచ్చింది. దానిని ఆయన కళ్లకద్దుకొని, మడిచి, దండెం మీద వేసి, కూతురికి పంపడానికి సిద్ధం చేశాడు.

ఆ ఇంట్లో ఆయన అక్క లచ్చుమక్క ఉండేది. చిన్నతనంలో పెద్దమ్మవారు పోసి బతికిన మనిషి. ముఖమంతా గుంటలు. ఆ ముఖం వల్లనే ఆమెకు పెళ్లి కాలేదు. నోరు మాత్రం పదునైనది.

"ఆ చీర ముందు ఎవరు కట్టుకున్నదిరా, నారప్పా?" అని అడిగింది.

"అమ్మవారు కట్టుకున్నది."

"అమ్మవారికంటె ముందు?"

వీరనారప్ప చీర మడతను సరిచేశాడు.

"రేగులపాడు పెద్దకాపు కోడలికీ ఇట్లాంటి చీరే పెట్టినారంట. ఆ పిల్ల ఎట్లుందో కనుక్కొని పంపు. చీరకు కాళ్లు లేవు, యాడికీ పోదు."

"నీకు ప్రతిదానికీ అనుమానమే అక్కా."

"అనుమానం కాదురా. అమ్మ నా మొగం మీద చేత్తో రాసి పెట్టింది. నీకు రాయలేదు గనక నువ్వు ధైర్యంగా ఉండావు."

ఆ మాటకు వీరనారప్ప కోపగించుకున్నాడు. అయినా చీరను దండెం మీదనే వదిలి, మరునాడు పొద్దున్నే రేగులపాడుకు బయలుదేరాడు.

రేగులపాడు పెద్దకాపు ఇంటి గడపకు వేపమండలు కట్టి ఉన్నాయి. కోడలు అప్పటికే పోయింది. ఆమెకు తల దువ్విన ఆడబిడ్డ జ్వరంతో లోపల పడి ఉంది. మీ ఊళ్లో ఇంత కీడు ఎందుకు జరిగిందని వీరనారప్ప అడిగితే, బలి ఇచ్చిన పొట్టేలు బక్కదని, అమ్మకు కోపం వచ్చిందని చెప్పారు. ఆయన అక్కడితో ఆగలేదు. బండి వచ్చిన దారి పట్టుకొని ఇంకా ఉత్తరానికి నడిచాడు. తర్వాతి ఊళ్లో, ఒక విధవ పసుపు ముట్టిందని, అందుకే ఇంత జరిగిందని చెప్పారు. ఆ పై ఊళ్లో, పాట మధ్యలో డప్పు పగిలిందన్నారు. ప్రతి ఊరూ ఒక పాపాన్ని వెతికి పట్టుకొని ఉంది. ఏ ఊరి పాపమూ ఇంకొక ఊరి పాపంతో పోలలేదు.

వీరనారప్ప పాపాల గురించి అడగడం మానివేశాడు. బండి నొగలు ఎవరు పట్టారు, చీర ఎవరింటికి పోయింది, మొదట ఎవరు పడ్డారు, ఎవరు పడలేదు అని మాత్రమే ప్రతి ఊళ్లోనూ అడిగాడు. జవాబులన్నీ ఒకే దారి చూపాయి. పాపాలు వేరు వేరుగా ఉన్నాయి. చీర సంగతి మాత్రం అన్ని ఊళ్లలోనూ ఒక్కటే. మొదట చీర పోయిన ఇల్లు. తర్వాత ఆ ఇంటికి పలకరింపుకు వచ్చినవారి ఇండ్లు. నొగలు పట్టినవారు, వారి పక్కన పడుకున్నవారు. దారి వెంట చీమలబారు నడిచినట్టు జబ్బు నడిచింది. ఇంకొక సంగతి కూడా ప్రతి ఊళ్లోనూ కనబడింది. రోగుల పక్కన కూర్చొని, వారి పుండ్లు కడిగి, వారి పక్కబట్టలు ఉతికి, అయినా ఏమీ కాకుండా తిరుగుతున్నవారు కొందరున్నారు. వారందరి ముఖాలూ లచ్చుమక్క ముఖం లాగానే ఉన్నాయి.

బండి మొదట బయలుదేరిన ఊళ్లో సగం ఇండ్లకు తలుపులు మూయడానికి కూడా మనుషులు లేరు. ఒక అరుగు మీద ముఖమంతా గుంటలున్న ముసలివాడు ఒక్కడే కూర్చొని ఉన్నాడు.

"అమ్మను సాగనంపినారు గదా పెద్దాయనా. అయినా ఇక్కడ చావులు ఎందుకు ఆగలేదు?" అని వీరనారప్ప అడిగాడు.

ముసలివాడు ఆయన వంక తేరిపార చూశాడు. "పక్కింటామె పొయ్యిలోకి నిప్పు అడిగితే ఇస్తాం గదా నాయనా. ఇచ్చినంత మాత్రాన మన పొయ్యి ఆరిపోతాదా? వాళ్లదీ మండుతాది, మనదీ మండుతాది. మేం చేసింది అదే."

దండెం మీద వేలాడుతున్న పసుపు చీర వీరనారప్ప కళ్లముందు కదిలింది. ఆ బండి నొగలు పట్టిన తన రెండు చేతులనూ ఆయన చాలాసేపు చూసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఏ ఊళ్లోనూ మంచం అడగలేదు, ఏ బావి చేదా ముట్టలేదు. కంబాలదిన్నె కనబడినా ఇంటికి పోలేదు. చేలగట్ల మీదుగా ఊరిని చుట్టి కనుమకు చేరాడు. అది మంగళవారం. అమ్మవారిని వంక దాటించే రోజు. పెద్దకాపు ముందు నడవనిదే బండి పొలిమేర దాటదు. జనం అక్కడికే వస్తారని ఆయనకు తెలుసు. నడినెత్తిన ఎండ. గుట్టరాతి నీడలో వెన్ను ఆనించగానే కన్ను మూతపడింది.

ఆ కునుకులో ఆయనకు తల్లి కనబడింది. కిరీటం లేదు, శూలం లేదు. బండి నొగల మీద కూర్చొని తన పాదాలను తానే ఒత్తుకుంటున్నది. ఆమె మీద చీర మీద చీర, చీర మీద చీర. మెడ ఎత్తడానికి కూడా వీలులేనంత బరువు. పాదాలు పగిలి నెత్తురు కారుతున్నాయి.

"ఇంకా ఎంత దూరం తోల్తార్రా నన్ను?" అని ఆ తల్లి అడిగింది. "ప్రతి ఊళ్లో మొక్కుతారు. ప్రతి ఊళ్లో గెంటుతారు. కూర్చో తల్లీ అన్నవాడు ఇంతవరకు ఒక్కడు లేడు."

వీరనారప్ప చేతులు జోడించాడు. "తల్లీ, నువ్వు దిగితే మా ఊరు ఏం కావాలి?"

"నేను ముట్టి వదిలినవాళ్లను నాకు తోడు పెట్టు. నేను ముట్టనివాళ్లను దూరంగా నిలబడి దండం పెట్టమను. నా మీది బరువు నిప్పుకియ్యి. నన్ను దిగనియ్యి."

డప్పుల మోతకు మెలకువ వచ్చింది. ఎండ అలాగే ఉంది. కానీ రాతి నీడలో ఆయన కాళ్ల దగ్గర నేల తడిగా ఉండిందని, చెమట అనుకొని తడిమితే వేపనూనె వాసన వచ్చిందని పెద్దలు చెబుతారు.

ఊరంతా బండి వెంట వస్తున్నది. వంక అవతల గొట్టివంకపల్లెవారు కట్టెలు పట్టుకొని బారులు తీరి ఉన్నారు. రేగులపాడు చావుల కబురు వారికి అందింది. ఈసారి ఎదురువచ్చి అమ్మను తీసుకొనేది లేదని, బండి ఇసుకలో దిగితే తలలు పగులుతాయని వారు నిశ్చయించుకొని వచ్చారు. వీరనారప్ప లేచి కనుమ నడుమ చేతులు చాచి నిలబడ్డాడు. ఎవరినీ దగ్గరికి రావద్దన్నాడు. తాను చూసినదీ విన్నదీ తల్లి చెప్పినదీ చెప్పాడు. అమ్మవారు ఇక్కడే దిగుతుందన్నాడు.

జనం గొల్లుమన్నారు. ఆసాది నల్లప్ప ముందుకు వచ్చాడు.

"కూతురు అవతల ఉందని అమ్మను తెచ్చి మా నెత్తిన కూర్చోబెడతావా పెద్దకాపూ? నీ కూతురి బిడ్డే బిడ్డా? మా బిడ్డలు గడ్డిపోచలా?"

వీరనారప్ప తల వంచుకోలేదు. "నిజమే నల్లప్పా. నా కూతురు అవతల లేకపోతే నేనూ తోసేవాణ్ణే. నా తండ్రి తోసినాడు, నేనూ తోసినాను. అవతల మనవాళ్లు ఉన్నప్పుడే కళ్లు తెరుచుకుంటాయేమో. నీ చెల్లెల్ని యాడ ఇచ్చినావు?"

నల్లప్ప చెల్లెలు గొట్టివంకపల్లెకు అవతలి ఊళ్లో ఉంది. ఆ గుంపులో దక్షిణాన కూతురినో, అక్కచెల్లెలినో ఇవ్వని ఇల్లు లేదు.

"దింపితే మరి అమ్మ పక్కన ఎవరు కూర్చుంటారు? నువ్వా?" అని వెనుకనుంచి ఎవరో అరిచారు.

"నేను కూర్చుంటాను, తప్పుకోండి" అంటూ లచ్చుమక్క జనాన్ని తోసుకొని వచ్చింది. ఎవరూ ముట్టడానికి జంకుతున్న ఆ మట్టి ప్రతిమను రెండు చేతులతో ఎత్తి, చంటిబిడ్డను దింపినట్టు నేలకు దింపింది. "దిగు తల్లీ. నీకూ నాకూ పాత పరిచయమే. నా మొగం మీద ఇంక నువ్వు రాయడానికి చోటు కూడా లేదు" అన్నది.

అంత భయంలోనూ ఆడవారు కొందరు నవ్వారు. ఆ నవ్వుతోనే జనం పట్టు సడలింది. ప్రతిమ నేలకు ఆనిన క్షణంలో గాలి పూర్తిగా స్తంభించిందని, చెట్ల ఆకులు కదలలేదని, వంక అవతల పట్టిన కట్టెలు ఎవరూ చెప్పకుండానే కిందికి వాలాయని అంటారు. అంతవరకు ఏ పొలిమేరలోనూ ఆగని బండి అక్కడ ఆగింది.

చీరలూ దుప్పట్లూ కుప్పపోసి నిప్పు పెట్టారు. ఇంటి దండెం మీది పసుపు చీరను లచ్చుమక్క పోయి తెచ్చింది. దానిని ఆమె చేతినుంచి తీసుకొని మంటలో వేసినవాడు వీరనారప్ప. బండి ముట్టినవారు, చీర పంచుకున్నవారు ఇండ్లకు పోకుండా కనుమలోనే ఆకు గుడిసెలు వేసుకొని, చంద్రుడు ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా ఉండాలని నిర్ణయమైంది. వీరనారప్ప మొదటి గుడిసె తనకే వేయించుకున్నాడు. నల్లప్ప రెండవ గుడిసెలోకి పోయాడు. మిగిలినవారు ఎవరి ఇంట్లో వారు ఉండిపోయారు. ఒకరి ఇంటికి ఒకరు పోలేదు.

వీరనారప్ప పంపిన కబురు అందుకొని ఉత్తరాది ఊళ్ల నుంచి ముఖాల మీద మచ్చలున్నవారు ఒక్కొక్కరుగా కనుమకు వచ్చారు. అంతవరకు వారిని శుభకార్యాలకు పిలిచినవారు లేరు. పొద్దున్నే ఎదురుపడితే మొహం తిప్పుకొనేవారు. ఇప్పుడు వారే నీళ్లు మోశారు, గంజి కాచారు, రోగుల పుండ్లు కడిగారు. జనం వారిని 'అమ్మ గుర్తు గలవారు' అని పిలవడం ఆ రోజుల్లోనే మొదలైంది. దారిలో వారు ఎదురైతే పెద్దకాపులు సైతం చెప్పులు విడిచి పక్కకు తొలగేవారు.

గుడిసెలలో కొందరికి జ్వరం వచ్చింది. కొందరు లేచారు. నల్లప్ప లేచాడు. వీరనారప్పకు కూడా ఒంటినిండా అమ్మవారు పోసింది. ఆయన మూలిగిన శబ్దం కూడా ఎవరూ వినలేదని లచ్చుమక్క తర్వాత చెప్పుకొనేది.

ఆ సమయంలోనే గొట్టివంకపల్లెలో గంగులమ్మకు మగబిడ్డ పుట్టాడు. బిడ్డ నిలిచాడు. పురుడు పోసుకొని గంగులమ్మ ఆ పసికందుతో వంక ఒడ్డుకు వచ్చింది. ఇసుకలో అడుగుపెట్టబోతే ఈవలనుంచి లచ్చుమక్క కేక వేసి ఆపింది. తర్వాత తమ్ముణ్ణి భుజం ఆసరాతో లేపి గుడిసె వాకిట్లో నిలబెట్టింది.

గంగులమ్మ బిడ్డను రెండు చేతులతో తలకంటె ఎత్తుకు ఎత్తి పట్టుకున్నది.

"నాయనా, కనబడతా ఉండాడా?"

వీరనారప్ప కళ్ల రెప్పలు వాచి ఉన్నాయి. ఆయన చాలాసేపు చూశాడు.

"కనబడతా ఉండాడమ్మీ. ఎవరి పోలిక?"

"నీ పోలికే అంటాండారు నాయనా."

"అయ్యో పాపం" అన్నాడు వీరనారప్ప. వంకకు రెండు వైపులా ఉన్నవారు నవ్వారు. "చాలమ్మా, పసిబిడ్డకు ఎండ తగుల్తాది. ఇంటికి పో" అన్నాడు.

ఆ వారం దాటకముందే ఆయన పోయాడు. కూతురు వంక దాటి రాలేదు. రావద్దని ఆయనే చెప్పి ఉంచాడు. అమ్మ గుర్తు గలవారే ఆయనను గుట్ట పక్కన పూడ్చారు. మశూచి ఆ యేడు వంక దాటలేదు. దక్షిణాన ఏరు దాకా ఉన్న పల్లెలలో ఒక్క గడపకు కూడా వేపమండ కట్టవలసిన అవసరం రాలేదు. ఆ పల్లెలవారే తర్వాత శిల్పిని పిలిపించి తల్లి రూపాన్ని రాతిమీద చెక్కించారు. తల్లి బండి దిగిన చోటు కనుక దిగినమ్మ కనుమ అయింది.

నేటికీ జాతరనాడు గొట్టివంకపల్లె వైపు బాలింతలు వంక ఒడ్డున నిలబడి, తమ బిడ్డలను తలకంటె ఎత్తుకు ఎత్తి కనుమ వైపు చూపుతారు. ఇసుక దాటి రారు. ఈవల నిలబడిన పెద్దలు 'కనబడింది తల్లీ, ఇంటికి పో' అని బదులిస్తారు. ఇటీవల కరోనా వచ్చిన సంవత్సరాలలో జాతర జరపలేదు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆగమన్నప్పుడు ఆగడమే ఈ తల్లికి చేసే పూజ అని ఇక్కడివారికి ఒకరు చెప్పనవసరం లేదు.

చెక్కిన రాతికి వెనుక, గుట్టను ఆనుకొని ఒక చిన్న రాతి గది ఉంది. లచ్చుమక్క దింపిన ప్రతిమా, ఆ వేపకర్ర బండీ అందులోనే ఉన్నాయి. ఆ గది తలుపు తీసి, ఊడ్చి, దీపం పెట్టే అధికారం కులాన్ని బట్టి గానీ వంశాన్ని బట్టి గానీ రాలేదు. అమ్మ గుర్తు గలవారికే ఆ అధికారం. లచ్చుమక్క తర్వాత ఎందరో ఆ సేవ చేశారు. టీకాలు వేసేవారు ఈ సీమకు వచ్చి, సూదికి భయపడి జనం చేలల్లో దాక్కున్న రోజుల్లో, ఈ గుడి సేవకులే వారి వెంట ఇంటింటికీ తిరిగారు. 'మా మొగాలు చూసి వేయించుకోండి' అని చెప్పారు. వారిలో ఆఖరివారు రేగులపాడు చౌడమ్మగారు. పసితనంలో మచ్చలు పడిన ఆ తల్లి పండు ముసలితనం వరకు దీపం పెట్టి, ఒకనాడు తలుపు దగ్గరగా వేసి ఇంటికి పోయారు. మళ్లీ రాలేదు.

అప్పటినుంచి ఆ తలుపు తెరవలేదు. మశూచి మళ్లీ ఈ సీమకు రాలేదు గనక, తెరవగలిగినవారు పుట్టలేదు. ఇతర క్షేత్రాలలో తలుపు తెరుచుకోవాలని భక్తులు వేచి ఉంటారు. ఇక్కడ అది ఎన్నటికీ తెరుచుకోకూడదని మొక్కుకుంటారు. అలా మొక్కినవారి ఇంట పసిబిడ్డలు ఆరోగ్యంగా పెరుగుతారని, ఊళ్లకు ఊళ్లు చల్లగా ఉంటాయని ప్రతీతి.

జాతరనాడు మధ్యాహ్నం డప్పులన్నీ ఆపిస్తారు. కంబాలదిన్నె పెద్ద తలుపు ముందు నిలబడి, కనుమ అంతా వినబడేలా అడుగుతాడు. "అమ్మ గుర్తు గలవారు ఎవరైనా ఉన్నారా? ఉంటే వచ్చి తలుపు తీయండి."

కనుమ నిండా, వంక ఒడ్డు నిండా జనం. పసిబిడ్డలు సైతం ఏడుపు మానుతారు. ఎవరూ కదలరు. ఎవరూ పలకరు. ఆ నిశ్శబ్దం నిండుగా నిలిచినంతసేపు నిలవనిచ్చి, జనమంతా ఒక్కసారిగా నేలకు వంగి మొక్కుతారు.